పాత పెద్ద ఎస్‌యూవీ కొంటున్నారా? ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి

"పాత ఫార్చ్యూనర్ తక్కువలో వస్తోంది, తీసుకోవచ్చా?" "స్కార్పియో లక్షా ఇరవై వేలు తిరిగింది, మరీ ఎక్కువా?" నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి వైపు నుంచి ఇలాంటి ప్రశ్నలు ఆగకుండా వస్తున్నాయి. ఫొటో చూసి బండి మంచిదో కాదో ఎవరూ చెప్పలేరు. దాన్ని ఎలా పరీక్షించాలో మాత్రం చెప్పవచ్చు.

ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. పెద్ద బండి ధర ఏటా పడిపోతుంది, దాని విడిభాగాల ధర పడిపోదు. పదేళ్ల బండికి వేసే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే భాగం) కూడా ఈనాటి ధరకే వస్తుంది. అందుకే మీటరు మీది అంకె కన్నా ఆ బండి ఎవరి చేతిలో, ఏ దారుల్లో, ఏ పని మీద తిరిగిందో తెలుసుకోవడం ముఖ్యం. ఈ వరుస కూడా అందుకు తగ్గట్టే ఉంది. ఖర్చు లేకుండా తేలేవి ముందు, డబ్బుతో తేలేవి తర్వాత.

1. ఇంటి దగ్గరే తేల్చుకోవాల్సినవి

మొదట బండి నిర్మాణం తెలుసుకోండి. ఫార్చ్యూనర్, ఎండీవర్, స్కార్పియో, 2019 వరకు వచ్చిన పాత సఫారీ చాసిస్ (కింద ఉండే ఇనుప చట్రం) మీద బాడీ కూర్చోబెట్టిన బండ్లు. ఎక్స్‌యూవీ 500, 2021లో వచ్చిన కొత్త సఫారీలకు విడి చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ప్రమాదం జరిగిన బండిలో దెబ్బ ఎక్కడ వెతకాలో దీన్ని బట్టే ఉంటుంది.

తర్వాత, మీకు దగ్గరలో దాన్ని బాగుచేసేవాళ్లు ఎవరో చూసుకోండి. ఫోర్డ్ భారత్‌లో తయారీ ఆపేస్తున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. ఎండీవర్ నడపడానికి గొప్పగా ఉంటుంది, కాదనను. కానీ దేవరకొండలో ఉండి దాన్ని కొంటే ప్రతి పెద్ద పనికీ హైదరాబాద్ వెళ్లడానికి సిద్ధపడాలి.

మీ దగ్గరున్న మొత్తమంతా బండికే పెట్టవద్దు. ఐదో వంతు పక్కన ఉంచండి. ఫార్చ్యూనర్‌లో చాలావాటికి వచ్చే 265/60 ఆర్18 కొలత టైర్లు నాలుగూ మారిస్తేనే అర లక్ష దాటుతుంది.

తీసుకెళ్లాల్సినవి:
- మంచి టార్చి, చిన్న అద్దం
- పల్చటి అయస్కాంతం, దాని చుట్టూ మెత్తటి గుడ్డ
- తెల్ల కాగితం, పెన్సిలు
- బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే ఓబీడీ స్కానర్, దాని యాప్ ఉన్న ఫోను
- కింద పరుచుకోవడానికి ఒక గోనె పట్టా
- ఆ బండి మీద పనిచేసిన అనుభవమున్న మెకానిక్. అమ్మేవాళ్లు చూపించే మెకానిక్ కాదు, మీరు డబ్బిచ్చి తీసుకెళ్లేవాడు.

2. ఫోనులోనే వదిలేయాల్సిన బండ్లు

చూడటానికి వెళ్లకముందే ఆర్‌సీ రెండు వైపుల ఫొటోలు, ఇన్సూరెన్స్ కాగితం పంపమనండి. "ముందు బండి చూడండి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే అక్కడితో మాట ఆపేయవచ్చు.

అడగాల్సినవి ఇవి:
- అమ్ముతున్నవారి పేరు, ఆర్‌సీ మీది పేరు ఒకటేనా? కాకపోతే మధ్యలో ఎంతమంది చేతులు మారింది?
- ఫైనాన్స్ ఉందా? తీరితే బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ ఉందా?
- మొదట ఎల్లో బోర్డుతో తిరిగి తర్వాత వైట్ బోర్డుకు మారిందా?
- ఇన్సూరెన్స్ క్లెయిములు ఎన్ని, దేనికోసం?
- సర్వీసు రికార్డు ఏ షోరూములో ఉంది?

చివరి దానికి జవాబు దొరికితే ఆ సర్వీస్ సెంటర్‌కు బండి యజమాని చేతనే ఫోను చేయించి చరిత్ర తెప్పించండి. 2019లో తొంభై వేల దగ్గర సర్వీసు అయిన బండి ఈ రోజు డెబ్బై అయిదు వేలు చూపిస్తుంటే ఇక మాట్లాడేదేమీ లేదు.

3. బండి ఎక్కడ బతికిందో కనుక్కోండి

మన ప్రాంతంలో పెద్ద బండ్లు రకరకాల పనులకు తిరుగుతాయి. ఒక్కో పని ఒక్కో రకం గుర్తు వదులుతుంది.

ఇసుక రీచ్‌లు, గ్రానైట్ క్వారీలు, కాలువ పనుల చుట్టూ తిరిగిన బండికి కిలోమీటర్లు తక్కువే ఉండవచ్చు. కానీ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ ర్యాక్ అరిగిపోయి ఉంటాయి. ఎర్ర దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి వెళ్తే టర్బో రెక్కల్ని, ఇంజిన్ బోర్‌ను కొరుకుతుంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తెరిచి, ఫిల్టర్ తర్వాత ఉండే గొట్టం లోపల వేలితో తుడవండి. వేలికి దుమ్ము అంటితే ఆ ఇంజిన్ దుమ్ము తిన్నట్టే.

నాయకుల వెంట తిరిగిన బండ్లది వేరే కథ. ర్యాలీల్లో నలుగురైదుగురు ఫుట్‌బోర్డుల మీద నిలబడి డోరు పట్టుకుని వేలాడతారు. డోరు కొద్దిగా తెరిచి కింది అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడండి, హింజ్ వదులైతే కదులుతుంది. ఫుట్‌బోర్డు బ్రాకెట్లు వంగి ఉంటాయి. రూఫ్ మీద, బానెట్ మీద సొట్టలు తీసిన ఆనవాళ్లుంటాయి. పైగా సభలు ముగిసేదాకా ఏసీ వేసి ఇంజిన్ ఆపకుండా గంటల తరబడి నిలిపి ఉంచుతారు. మీటరు కదలదు, ఇంజిన్ మాత్రం అరుగుతుంది.

రోజూ హైవే మీద హైదరాబాద్ వెళ్లొచ్చిన డాక్టరు బండో, వ్యాపారి బండో లక్షన్నర తిరిగినా భయపడనక్కరలేదు. నేనైతే క్వారీలో తిరిగిన అరవై వేల బండి కన్నా ఇదే కొంటాను.

నగరంలో తక్కువ దూరాలు మాత్రమే తిరిగిన బీఎస్6 డీజిల్ బండిని, అంటే 2020 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన ప్రమాణాలతో వచ్చినదాన్ని, ప్రత్యేకంగా చూడాలి. దాని సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద నిలకడగా పరుగెత్తాలి. లేకపోతే ఫిల్టర్ పూడిపోతుంది. కాల్చే ప్రయత్నంలో వాడిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే కారణం ఇదే కావచ్చు.

4. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి

ఉదయం ఆరున్నర, ఏడుకు వెళ్లండి. ముందురోజే "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే చల్లటి స్టార్టింగులో కనిపించే లోపాన్ని దాచడానికే వేడి చేసి ఉండవచ్చు. మర్యాదగా ఇంకో రోజు వస్తామనండి.

స్టార్ట్ చేయకముందు:
- కూలెంట్ ట్యాంకు మూత తీసి రంగు చూడండి. వేడి ఇంజిన్‌కు ఈ మూత ఎప్పుడూ తీయవద్దు, ముఖం కాలుతుంది.
- ఆయిల్ మూత లోపలి వైపు చూడండి. మజ్జిగలాంటి జిడ్డు ఉంటే నీరు, ఆయిల్ కలుస్తున్నాయని అనుమానించాలి.
- డిప్‌స్టిక్ మీద మట్టం చూడండి. డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ నల్లగా ఉండటం లోపం కాదు, మార్చిన కొన్నాళ్లకే నల్లబడుతుంది.
- ఇంజిన్ గది మరీ కడిగి మెరిపించి ఉంటే కారుతున్న చోట్లు కనబడవు. నడిపి వచ్చాక మళ్లీ చూడండి.

కూలెంట్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఇక్కడ చాలామంది రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తారు. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ, రేడియేటర్‌ను పూడ్చేవి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. చాయ్ గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పెచ్చే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. చలికాలంలో బండి బాగానే ఉంటుంది. మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండలో, ఏసీ వేసుకుని ఏడుగురితో ఎత్తు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు లేస్తుంది. అప్పుడు ఇంజిన్ పైభాగం (హెడ్) కింద ఉండే సీలు, అంటే హెడ్ గాస్కెట్ పోతుంది, ఇంకా నడిపితే హెడ్డే వంగుతుంది.

ట్యాంకులో ఉన్నది రంగు కూలెంట్ కాక తుప్పు రంగు నీరో, తెల్లటి పొడి తేలుతున్న నీరో అయితే రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్ ఖర్చును బేరంలో లెక్కేసుకోండి. తాజాగా రంగు కూలెంట్ పోసి ఉంటే ట్యాంకు లోపలి గోడలు, గొట్టం అతుకుల దగ్గర పాత తుప్పు మరకలు చూడండి.

ఇప్పుడు స్టార్ట్ చేయించండి. మీరు లోపల కూర్చోకుండా సైలెన్సర్ దగ్గర నిలబడండి.
- నీలం పొగ: ఆయిల్ కాలుతోంది. రింగులు, వాల్వ్ సీళ్లు లేదా టర్బో సీలు.
- నల్ల పొగ ఆగకుండా వస్తే: ఇంజెక్టర్లు, ఈజీఆర్ (పొగను కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) లేదా గాలి దారి.
- తెల్ల పొగ వేడెక్కాక కూడా తగ్గకపోతే: కూలెంట్ లోపలికి వెళ్తుండవచ్చు, లేదా డీజిల్ సరిగా కాలడం లేదు.

ఇంజిన్ నిలకడగా తిరుగుతుండగా ఆయిల్ మూత తీయించండి. కొద్దిగా ఆవిరి మామూలే. దమ్ములు దమ్ములుగా పొగ తోస్తుంటే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే. ఇంజిన్ బోర్ పని దగ్గరపడింది. అది చిన్న ఖర్చు కాదు.

తర్వాత టైమింగ్ సంగతి, అంటే పిస్టన్ల కదలికను, వాల్వుల కదలికను జత కలిపి నడిపే బెల్ట్ లేదా చైన్ సంగతి. 2016 వరకు వచ్చిన తొలి తరం ఫార్చ్యూనర్ మూడు లీటర్ల ఇంజిన్‌కు టైమింగ్ బెల్ట్ ఉంటుంది. ఆ తర్వాతి 2.8 ఇంజిన్‌కు చైన్. ఎండీవర్ 3.2కు చైన్, 2020లో వచ్చిన రెండు లీటర్ల ఇంజిన్‌కు ఆయిల్‌లో తిరిగే బెల్ట్. బెల్ట్ ఉన్న బండి లక్ష దాటితే అది ఎప్పుడు మార్చారో బిల్లు చూపమనండి. "మార్చాం" అన్న మాట చెల్లదు. నడుస్తుండగా బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి. బిల్లు లేకపోతే మార్చలేదనుకునే బేరమాడండి.

5. బాడీ, చాసిస్: దెబ్బలు ఎక్కడ దాక్కుంటాయి

గీతలు, చిన్న సొట్టలు పట్టించుకోకండి. పెద్ద బండికి అవి సహజం. మనం వెతికేది బండి ఎముక విరిగిందా అన్నది.

బానెట్ హింజ్‌లు, ముందు ఫెండర్లు, డోర్ల బోల్టులు చూడండి. కంపెనీ వేసిన బోల్టు తలల మీద పెయింటు చెక్కుచెదరదు. స్పానరు పడిన గుర్తుంటే ఆ భాగం విప్పారు. ఎందుకు విప్పారో అడగండి. జవాబు, క్లెయిము చరిత్ర ఒకటిగా ఉండాలి.

అయస్కాంతాన్ని పిల్లర్లు, డోర్ల కింది భాగం, వెనక ఫెండర్ల మీద నెమ్మదిగా జరపండి. పట్టు సడలిన చోట లోపల పుట్టీ మందంగా ఉంది. ప్లాస్టిక్, అల్యూమినియం భాగాలకు అయస్కాంతం అసలే అంటదని మరవద్దు.

డోర్ రబ్బరు బీడింగ్ లాగి చూడండి. కంపెనీ స్పాట్ వెల్డింగులు గుండ్రంగా, సమాన దూరంలో ఉంటాయి. టింకరింగ్ చేసినచోట అవి కనబడవు, లేదా వంకరగా ఉంటాయి.

అన్ని అద్దాల మూల తయారీ గుర్తు ఉంటుంది. అన్నీ ఇంచుమించు ఒకే కాలానివి కావాలి. ముందు అద్దం ఒక్కటి మారితే రాయి తగిలి ఉండవచ్చు. పక్క అద్దాలు రెండు మారితే ఆ వైపు జాగ్రత్తగా చూడండి.

చాసిస్ ఉన్న బండికి అసలు పరీక్ష కిందనే. పట్టా వేసుకుని పడుకోండి, సిగ్గుపడకండి. రెండు వైపులా పొడవాటి చాసిస్ కమ్మీలను ముందు నుంచి వెనక్కి టార్చితో చూస్తూ వెళ్లండి. ముడతలు, కొత్త వెల్డింగులు, ఒక్కచోటే తాజాగా వేసిన నల్ల పెయింటు ఉంటే బండి వదిలేయండి. చాసిస్ కొట్టి సరిచేసిన బండి వీల్ అలైన్‌మెంటు ఎన్నిసార్లు చేయించినా నిలవదు, టైర్లు తింటుంది.

విడి చాసిస్ లేని బండిలో ముందు రేడియేటర్‌ను పట్టి ఉంచే కమ్మీ, రెండు వైపుల ఏప్రాన్లు (ముందు చక్రాల పైన బానెట్ లోపల ఉండే రేకులు), డిక్కీలో స్టెప్నీ చుట్టూ ఉన్న రేకు చూడాలి.

ముందు పెద్ద ఇనుప బంపర్ గార్డు ఉంటే దాని వెనక ఏం దాగుందో చూడండి. వీటిని బిగించవద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అద్దాలకు నల్ల ఫిల్ములపై సుప్రీంకోర్టు 2012లోనే నిషేధం పెట్టింది. కొన్నాక ఈ రెండూ తీయించే ఖర్చు మీదే.

6. నీళ్లలో మునిగిన బండి

దీనికి విడిగా శీర్షిక పెట్టడానికి కారణముంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు, ఖమ్మంలో మున్నేరు పొంగాయి, కోదాడ వైపూ నీళ్లు ముంచెత్తాయి. మునిగిన ఊళ్లలో బండ్లూ మునుగుతాయి. విజయవాడ, హైదరాబాద్ రెండూ 65వ నంబరు జాతీయ రహదారి మీదనే మనకు కలుస్తాయి. మునిగిన బండి ఎండబెట్టి, కడిగి, సెంటు కొట్టి దూర జిల్లాలో అమ్మకానికి వస్తే పైకి ఏమీ తెలియదు.

వైరింగు లోపల పట్టిన తుప్పు ఆరు నెలలకో ఏడాదికో బయటపడుతుంది. ఈ రోజు ఏబీఎస్ లైటు, రేపు పవర్ విండో, ఎల్లుండి ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ). దీనికి బాగుచేయడమంటూ ఉండదు.

చూడాల్సిన చోట్లు:
- సీటు బెల్టులన్నీ చివరిదాకా లాగండి, మూడో వరుసవి కూడా. లోపలి భాగంలో బురద గీత ఉంటుంది. మిగతాదంతా కడిగినా దీన్ని చాలామంది మరచిపోతారు.
- సీట్ల కింది పట్టాలు, బోల్టుల తుప్పు.
- ఫ్లోర్ మ్యాట్ కాదు, దాని కింది కార్పెట్ మూల ఎత్తి ముక్కు పెట్టండి.
- స్టీరింగ్ కింద, ఫ్యూజు పెట్టె వెనక, వైరు కనెక్టర్ల దగ్గర ఎండిన సన్నటి మట్టి లేదా పచ్చటి చిలుము.
- హెడ్‌లైట్ల లోపల నీటి మరకల గీత.
- పదేళ్ల బండికి సీట్లు, కార్పెట్ మాత్రం సరికొత్తవి.

లోపల కొట్టిన సెంటు వాసన మరీ ఘాటుగా ఉంటే అద్దాలు మూసి, ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టి పది నిమిషాలు కూర్చోండి. ముక్కిన వాసన వస్తే దిగిపోండి. సగం ధరకు ఇచ్చినా ఇలాంటి బండి వద్దు.

7. నడిపి చూడటం

బస్టాండు చుట్టూ ఒక రౌండు వేస్తే ఏమీ తెలియదు. కనీసం ముప్పావు గంట నడపాలి. నల్లగొండలో అయితే నార్కట్‌పల్లి దాకా వెళ్లి 65వ రహదారి ఎక్కండి. మహబూబ్‌నగర్‌లో అయితే జడ్చర్ల లేదా భూత్పూర్ దగ్గర 44వ రహదారి అందుతుంది. నాగర్‌కర్నూల్, అచ్చంపేట వాళ్లకు మన్ననూర్ దాటాక శ్రీశైలం ఘాట్ ఉంది. కూలింగ్, క్లచ్, బ్రేకులు మూడూ ఒకేసారి తేలతాయి.

మొదటి పది నిమిషాలు రేడియో ఆపి, అద్దాలు దించి, గతుకుల సందులో నెమ్మదిగా పోనివ్వండి. టకటక శబ్దం లింక్ రాడ్, బాల్ జాయింట్లది. గుంతలో దబ్బున కూలినట్టుంటే షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు.

హైవే మీద:
- ఖాళీ తిన్నటి దారిలో స్టీరింగ్ పట్టు కాస్త సడలించండి. బండి ఒక పక్కకు లాగుతోందా?
- వేగంతో పెరిగే ఊళ శబ్దం వీల్ బేరింగుది కావచ్చు. కాలు ఎత్తినప్పుడు, తొక్కినప్పుడు మారే ఊళ వెనక చక్రాల మధ్య గేర్లుండే హౌసింగుది.
- వెనక బండి లేదని చూసుకుని గట్టిగా బ్రేకు వేయండి. స్టీరింగ్ వణికితే డిస్కులు వంగాయి.
- మూడో గేరులో తక్కువ వేగం నుంచి పూర్తిగా తొక్కండి. టర్బో అందుకోవడం తెలియాలి. అందుకోకుండా ఈల వేస్తే గొట్టం లీకు లేదా టర్బో షాఫ్టు.

మాన్యువల్ గేరు బండికి ఎత్తు దారిలో నాలుగో గేరులో తొక్కండి. ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. న్యూట్రల్‌లో ఇంజిన్ నిలకడగా తిరుగుతున్నప్పుడు క్లచ్ వదిలితే గలగల వచ్చి, తొక్కితే ఆగితే గేర్ బాక్స్ బేరింగు లేదా ఫ్లైవీల్ చూడాలి. పెద్ద బండిలో క్లచ్‌తో పాటు ఫ్లైవీల్ కూడా మార్చాల్సి వస్తే ఖర్చు రెండింతలవుతుంది.

ఆటోమేటిక్ అయితే బ్రేకు తొక్కి పట్టుకుని డి నుంచి ఆర్‌కు, ఆర్ నుంచి డికి మార్చండి. ఆలస్యంగా పడటం, దబ్బుమని కుదుపు రావడం రెండూ చెడ్డవే. "దీనికి ఆయిల్ మార్చక్కరలేదు" అనే మాట మెకానిక్‌లు కూడా అంటారు. నమ్మవద్దు.

ఏసీని మధ్యాహ్నం ఎండలో, మూడు వరుసల్లోనూ చూడండి. వెనక బ్లోయర్ పనిచేయకపోవడం మామూలు లోపం, అడగకపోతే ఎవరూ చెప్పరు.

తిరిగి వచ్చాక ఇంజిన్ ఆపకుండా బానెట్ తెరిచి, కిందికీ వంగి చూడండి. కడిగి దాచిన లీకులు ఇప్పుడు కనిపిస్తాయి.

8. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందంటే

ముందు నిజంగా ఉందో లేదో చూడండి. వెనక 4×4 స్టిక్కర్ పది నిమిషాల పని. ముందు చక్రాల మధ్య కింద హౌసింగు, దానికి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు ఉండాలి.

పార్ట్ టైమ్ రకం బండిలో, అంటే కావాలనుకున్నప్పుడే ముందు చక్రాలకూ శక్తి పంపే బండిలో, దీన్ని తారు రోడ్డు మీద వేసి తిప్పవద్దు. ముందు వెనక చక్రాలు వేరువేరు దూరాలు తిరగలేక లోపలి గేర్లు బిగుసుకుంటాయి. దున్నిన చెలకలోనో, ఇసుకలోనో 4హెచ్ (మామూలు వేగానికి), తర్వాత బండి ఆపి 4ఎల్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగడానికి) వేసి చూడండి. లైటు మిణుకుమిణుకుమంటూ ఉండిపోతే ఏళ్లుగా వాడక పట్టేసి ఉంటుంది. ఊళ్లో తిరగడానికే అయితే మీకు ఫోర్ వీల్ డ్రైవ్ అవసరమే లేదు. అది లేని బండి కొంటే చెడిపోయే భాగాలు అన్ని తక్కువ.

9. టైర్లు, స్కానర్, మిగతా చిన్నవి

టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. మీటరు నలభై వేలు చూపిస్తూ, టైర్లు బండి కన్నా చాలా కొత్తవైతే పాత టైర్లు ఎందుకు మారాయో అడగండి. స్టెప్నీ మారకపోతే బండితో మొదట వచ్చిన టైరు వయసు దాని తేదీలో తెలుస్తుంది. టైరు లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంటు లేదా వంగిన భాగం.

స్కానర్ పెట్టగానే లోపాలు లేవని చూపిస్తే సంతోషించకండి. "కోడ్‌లు చెరిపేశాక తిరిగిన దూరం" అనే వివరం చాలా యాప్‌లలో ఉంటుంది. అది పది కిలోమీటర్లు చూపిస్తే మీరు రావడానికి ముందే ఎవరో తుడిచేశారు.

- తాళం తిప్పగానే ఎయిర్ బ్యాగ్ లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేసి ఉండవచ్చు.
- తాళాలు రెండూ ఉన్నాయా?
- పెడల్ రబ్బర్లు, స్టీరింగ్, డ్రైవరు సీటు అంచు, మీటరు అంకె ఒకదానితో ఒకటి పొసగాలి.

10. కాగితాలు

చాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు. చాసిస్ బండ్లలో సాధారణంగా కుడివైపు ముందు చక్రం దగ్గర కమ్మీ మీద కొట్టి ఉంటుంది. మట్టి తుడిచి, తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకోండి. ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చండి. చుట్టూ గ్రైండర్ గీతలుంటే వదిలేయండి.

టీఎస్ 05 (నల్లగొండ), టీఎస్ 06 (మహబూబ్‌నగర్) బండ్లకు, 2024 మార్చి తర్వాత వచ్చిన టీజీ బండ్లకు తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైటులో వివరాలు చూసుకోవచ్చు. పెండింగ్ చలాన్లు పోలీసు ఈ-చలాన్ సైటులో తెలుస్తాయి. 2014కు ముందువి ఏపీ 24, ఏపీ 22 నంబర్లతో ఉంటాయి. ఆ డీజిల్ బండ్ల పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడు ముగుస్తుందో తప్పక చూడండి. తర్వాత ప్రతి అయిదేళ్లకూ ఫిట్‌నెస్‌తో పునరుద్ధరించుకోవాలి.

బయటి రాష్ట్రం బండ్ల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. రాయచూరు వైపు నుంచి కర్ణాటక బండ్లు వస్తాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఏళ్లపాటు సాగిన ఆంక్షల వల్ల అక్కడి పెద్ద బండ్లు చవగ్గా దొరుకుతూ వచ్చాయి. ఆ ధర చూసి ఆశపడకండి. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచితే తెలంగాణ నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పెద్ద బండికి అది లక్షల్లోకి పోవచ్చు. ముందే ఆర్టీఓ ఆఫీసులో లెక్క కట్టించుకుని, ఆ మొత్తాన్ని ధరకు కలిపి చూడండి. దొంగ బండేమో అన్న అనుమానం ఉంటే కేంద్రం నడిపే డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో తనిఖీ చేయవచ్చు.

చేతికి రావాల్సినవి:
- ఒరిజినల్ ఆర్‌సీ
- ఫారం 29 (బండి అమ్మినట్టు తెలిపేది) రెండు ప్రతులు, ఫారం 30 (పేరు మార్పు దరఖాస్తు), సంతకాలు మీ ముందే
- ఫైనాన్స్ ఉంటే ఫారం 35 (అప్పు తీరిందని తెలిపేది), బ్యాంకు ఎన్‌ఓసీ
- బయటి రాష్ట్రానిదైతే ఫారం 28 (అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ)
- ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, సర్వీసు బిల్లులు

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు, తేదీ లేనివి తీసుకోవద్దు.

11. బేరం, డబ్బు

మీరు కనిపెట్టిన లోపాలను కాగితం మీద రాసి, ఒక్కో పనికి మీ మెకానిక్ చెప్పిన ఖర్చు పక్కన వేయండి. "కొంచెం తగ్గించండి" అనడం కన్నా ఆ కాగితం చూపించడం బాగా పనిచేస్తుంది. అమ్మేవారిని కించపరిచేలా మాట్లాడవద్దు. ఊళ్లో మళ్లీ ఎదురుపడాల్సిన మనుషులే.

చాసిస్ దెబ్బ, మునిగిన గుర్తు, నంబరు తేడా, మీటరు తిప్పిన రుజువు ఉంటే బేరమాడవద్దు. ఎంత తగ్గించినా వదిలేయండి.

అడ్వాన్సు చిన్న మొత్తమే ఇచ్చి, ఏ తేదీలోగా ఏ కాగితాలు ఇవ్వాలో రాయించుకోండి. మిగతాది బ్యాంకు ద్వారా ఆర్‌సీ మీద పేరున్న వ్యక్తి ఖాతాకే పంపండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అమ్మినవారికి జరిమానా పడవచ్చు.

12. కొన్న తర్వాత మొదటి నెల

బదిలీ దరఖాస్తు ముప్పై రోజుల్లోగా వేయాలి. ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని పద్నాలుగు రోజుల్లో అడగాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, ఆ తేడా కట్టాల్సి ఉంటుంది. పేరు మార్చకుండా మీ బండి దెబ్బతింటే క్లెయిము తిరస్కరించే అవకాశం ఎక్కువ.

ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ ఒకేసారి మార్పించండి. పాతవి ఎప్పుడు మార్చారో వాదించుకోవడం దండగ. కూలెంట్ మార్చేటప్పుడు రెడీమేడ్ మిశ్రమమే పోయమనండి, లేదా కాన్సంట్రేట్‌లో డిస్టిల్డ్ వాటర్ కలపమనండి. బెల్ట్ బిల్లు లేని బండికి బెల్ట్ కూడా ఇప్పుడే.

అమ్మినవారి ఫాస్టాగ్‌ను వాళ్ల చేతనే మూయించి, మీ పేరుతో కొత్తది తీసుకోండి. పాత స్టిక్కరు అలాగే వదిలేస్తే వాళ్లు ఏదో ఒక రోజు దాన్ని ఆపేస్తారు. అప్పుడు పంతంగి టోల్ గేటు దగ్గరో, కొర్లపహాడ్ దగ్గరో వెనక బండ్లు హారన్లు కొడుతుంటే మామూలు కన్నా ఎక్కువ టోలు కట్టాల్సి వస్తుంది.